గాలం ఎంచుకోవడం: ఒక సాహిత్య ప్రక్రియ గురించి

ఏడు చేపల కథ తెలియని తెలుగువాళ్ళు ఉండరు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెస్తారు. ఎండబెడితే ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదని అడిగితే అది గడ్డిమోపు మీద నెపం వేస్తుంది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద. అలా పోయి పోయి చివరికి చీమ పుట్ట దగ్గర తేలుతుంది. మా ఉద్యోగంలో సర్వర్ పడిపోయిన మర్నాడు ఇలాంటి విచారణే జరుగుతుంది కాబట్టి ఈ కథంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. కానీ ఇంతమందిని నిలదీసిన కథ ఒక ప్రశ్న మాత్రం అడగదు. అసలు ఆ ఏడు చేపల్నీ ఎలా పట్టారు? వలతోనా, గాలంతోనా, మావుతోనా? రాజకుమారులు గనక వేటకెళ్ళారు, చేపలు వచ్చాయి. అంతే.

పిల్లల కథను పట్టుకుని ఇదేం పేచీ అనుకోవచ్చు. పేచీ కథతో కాదు. ఆ ఖాళీ మన సాహిత్యంలో పిల్లల కథ దాటాక కూడా కొనసాగుతుంది. మన కవిత్వంలో వల ఉంది, అది సంసారం. గాలం ఉంది, అది మోసం. ఎర ఉంది, అది ఆశ. పేపర్లో ఎమ్మెల్యేలకు గాలం వేస్తారు, ఎన్నికలప్పుడు ఓటర్లకు ఎర వేస్తారు. ఒక పనిముట్టు ఉపమానంగా మారి ఎంత బాగా స్థిరపడిందంటే, దాన్ని పనిముట్టుగా చూసిన వాక్యం దొరకడమే కష్టమైపోయింది. గాలం ముల్లు ఏ సైజులో ఉండాలి, దారం ఎంత లావు, కర్ర ఎక్కడ వంగాలి అని రాసిన మంచి తెలుగు వచనం కోసం నేను కొన్నేళ్ళుగా వెతుకుతున్నాను.

ఇంగ్లీషులో, రష్యన్‌లో ఇది ఒక ప్రక్రియ. ప్రక్రియ అనే మాట కావాలనే వాడుతున్నాను. పైక్, సామన్, ట్రౌట్ చేపలకు స్పిన్నింగ్ సరంజామా ఎలా ఎంచుకోవాలి అన్న తరహా వ్యాసాలకూ పుస్తకాలకూ శతకానికి ఉన్నట్టే ఒక కట్టుబాటు ఉంది, ఒక వరస ఉంది, మంచీ చెడూ ఉన్నాయి. సియాటిల్లో ఉన్న ఒక మిత్రుడు సామన్ పిచ్చిలో పడి అలాంటివి నాకు పంపడం మొదలుపెట్టాడు. నల్లగొండ జిల్లా వాణ్ణి, సామన్‌తో నాకేం పని? అయినా చదివాను. ముందు సరదాకి, తర్వాత పెన్సిల్ పట్టుకుని.

ఈ మూడు చేపలూ మన నీళ్ళలో లేవు. ట్రౌట్‌ను బ్రిటిష్‌వాళ్ళు కాశ్మీరుకీ నీలగిరులకీ తెచ్చి పెంచారు. దాన్ని మినహాయిస్తే మిగతా రెంటినీ మనం పుస్తకాల్లోనో డబ్బాల్లోనో చూడాల్సిందే. పైక్ అంటే సోవియట్ పుస్తకాలు చదివిన తరానికి గుర్తుండే ఉంటుంది. రష్యన్ జానపద కథలో బద్ధకస్తుడు ఎమేల్యాకు మంచు గంటులో దొరికి, వరాలిచ్చే చేప అదే. (అక్కడా గాలం లేదు. బక్కెట్టుతో నీళ్ళు తోడుతుంటే చేతికి చిక్కుతుంది!) పొడుగు మూతి, నోటినిండా పళ్ళు, కలుపు మొక్కల మధ్య కదలకుండా కాపేసి ఒక్క ఉదుటున మీదపడే స్వభావం. సామన్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికి ఎదురీదే చేప. ట్రౌట్ చల్లటి పారే నీళ్ళది, అనుమానం మనిషి లాంటిది.

ఇక వ్యాసం వరస. కొత్తవాళ్ళు ముందు కర్ర కొంటారు. మంచి వ్యాసం కర్రను చివర్లో పెడుతుంది. మొదట చేప. చేపను బట్టి దాని నోరు, అది తినే తీరు. దాన్ని బట్టి ఎర, అంటే నీళ్ళలో తిరుగుతూ మెరిసే రేకు, చెంచా, లేదా చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన బొమ్మ చేప. ఎరను బట్టి బరువు. బరువును బట్టి దారం. దారాన్ని బట్టి రీలు. ఇవన్నీ తేలాక, వీటిని విసరగలిగే కర్ర. ఏడు చేపల కథ గొలుసే ఇది. ఈ కర్ర ఎందుకు? ఈ దారం కోసం. ఈ దారం ఎందుకు? ఈ ఎర బరువు కోసం. చివర చీమ ఉన్న చోట ఇక్కడ చేప నోరు ఉంటుంది.

గొలుసు ఒక్కో చేపకు ఎలా మారుతుందో చూడండి. ట్రౌట్‌కు మూడు నుంచి పది గ్రాముల ఎర చాలు. అంత తేలికైనది దూరం పోవాలంటే దారం సన్నంగా ఉండాలి, నాలుగు నుంచి ఆరు పౌన్ల బలం. అంత సన్నదారం తెగకూడదంటే కర్ర మెత్తగా, ఆరేడడుగుల పొడవులో ఉండాలి. పైక్‌కు ఇరవై గ్రాముల నుంచి అరవై దాకా, కొందరు ఇంకా పైకి పోతారు. దారం ఎంత గట్టిదైనా దాని పళ్ళకు ఆనదు కాబట్టి ఎరకు ముందు జానెడు తీగ ముక్క తప్పనిసరి. లేకపోతే తెగిపోయిన గాలం నోట్లో ఉంచుకుని చేప పోతుంది. ఆ తీగ ముక్క మన సౌకర్యానికి కాదు, చేప ప్రాణానికి అని చెప్పే వ్యాసం మంచి వ్యాసం. తీగ ధర మాత్రమే చెప్పేది మామూలు వ్యాసం. సామన్‌కు వెడల్పాటి నది, బలమైన ప్రవాహం కాబట్టి తొమ్మిది పదడుగుల కర్ర, పదిహేను ఇరవై పౌన్ల దారం, వందల అడుగులు లాక్కుపోయినా అయిపోనంత నిల్వ ఉన్న రీలు కావాలి. డెవన్ లాంటి గిరగిరా తిరిగే ఎరలు వాడితే దారం పురి ఎక్కకుండా మధ్యలో ఒక స్వివెల్ ఉండాలి.

సామన్ దగ్గరికొచ్చేసరికి ఈ ప్రక్రియ తన హద్దును తాకుతుంది. నదిలోకి వచ్చిన సామన్ దాదాపుగా తిండి మానేస్తుంది. మరి ఎరను ఎందుకు నోట పడుతుంది? కోపమా, పాత అలవాటా, కుతూహలమా? నూరేళ్ళకు పైగా వాదిస్తున్నారు, తేలలేదు. అంటే గొలుసులో మొదటి లింకే లేదు. ఎందుకు తింటుందో తెలియని చేపకు ఎర ఎంచుకోవాలి. నాకు నచ్చిన రచయితలందరూ ఈ చోట స్వరం తగ్గిస్తారు. అప్పటిదాకా కొలతలు చెప్పిన గొంతు ఇక్కడ తన అనుభవం మాత్రమే చెప్తుంది. ఆ మార్పు కోసమే ఇలాంటి పుస్తకాలు చదవొచ్చు అనిపిస్తుంది.

ఈ ప్రక్రియ ఎంత దూరం వెళ్ళగలదో చూడాలంటే సెర్గేయ్ అక్సాకవ్ దగ్గరికి వెళ్ళాలి. 1847లో వచ్చిన ఆయన గాలంవేట పుస్తకం కర్ర, దారం, బెండు, సీసం, ముల్లు అంటూ ఒక్కో వస్తువునూ విడివిడిగా వివరిస్తూ మొదలవుతుంది. ఆ తర్వాతే చోటు ఎంచుకోవడం, ఎరలు, చేపలు. కథ లేదు, నాయకుడు లేడు. అయినా రష్యన్ వచన చరిత్రలో ఆ పుస్తకానికి చోటుంది. ఆయన తర్వాతి పుస్తకం, ఒరెన్‌బర్గ్ వేటగాడి జ్ఞాపకాలు, వచ్చినప్పుడు తుర్గేనెవ్ స్వయంగా సమీక్ష రాశాడు. ఎందుకంత గౌరవం? అక్సాకవ్ వస్తువును వస్తువుగా చూస్తాడు. బెండు గురించి రాస్తే బెండే ఉంటుంది, ఆత్మ ఉండదు. ప్రకృతి మీద భక్తి ఆయనకు నిండుగా ఉంది, కానీ దాన్ని విశేషణాల్లో పెట్టడు. ఏ నీళ్ళకు ఏ బరువు సీసం అన్న శ్రద్ధలో పెడతాడు.

ఆర్థర్ రాన్సమ్ అనే ఇంగ్లీషు విలేకరి విప్లవకాలంలో రష్యాలో ఉన్నాడు. తర్వాత పిల్లల నవలలతో పేరు తెచ్చుకున్నాడు. 1929లో తన గాలంవేట వ్యాసాలను పుస్తకంగా వేస్తూ అక్సాకవ్‌ను కూడా అందులో చేర్చాడు. ఇంగ్లీషువాళ్ళకు 1653 నాటి వాల్టన్ ఉన్నాడు, ఆ పుస్తకానికి 1676లో ట్రౌట్ భాగం రాసి కలిపిన కాటన్ ఉన్నాడు. ఇంత ఉండి కూడా పక్కభాష నుంచి గాలం గురించి తెచ్చుకోవాలని ఒక రచయితకు అనిపించింది. మనం రష్యన్ నుంచి ఎంతో తెచ్చుకున్నాం. గోర్కీ, చెహోవ్, టాల్‌స్టాయ్ మన ఇళ్ళలో పెరిగారు. అక్సాకవ్ గాలం మాత్రం మన చర్చల్లోకి వచ్చినట్టు నాకు కనపడదు. ఎందుకంటే మనం వెతికింది మనిషి బాధను, అతని చేతిలో ఉన్న వస్తువును కాదు.

ఈ రెండూ వేరని మనం అనుకుంటాం. హెమింగ్వే 1925 నాటి ట్రౌట్ కథ ఈ అభిప్రాయానికి మంచి జవాబు. యుద్ధం నుంచి వచ్చిన నిక్ ఒంటరిగా నది ఒడ్డుకు పోతాడు. యుద్ధం మాట కథలో రాదు. మిడతల్ని సీసాలో పట్టడం, తడి గుడ్డల మధ్య నానబెట్టిన దారపు కొసలు తీయడం, ముల్లు కట్టడం, ఇవే పేజీల కొద్దీ ఉంటాయి. ఆ కొసల్ని నానబెట్టడం అలంకారం కాదు. ఆ రోజుల్లో వాటిని పట్టుపురుగు పట్టు గ్రంథులను సాగదీసి చేసేవాళ్ళు, తడపకపోతే బిరుసెక్కి తెగుతాయి. ఈ సంగతి తెలిసి చదివితే నిక్ ఎంత జాగ్రత్తగా బతుకుతున్నాడో అర్థమవుతుంది. తెలియకపోతే అదొక వర్ణన, పేజీ తిప్పేస్తాం. మన విమర్శకు ఈ తరహా చదువు అలవాటు కావాలి. ముసలివాడూ సముద్రమూ నవల గురించి తెలుగులో చాలా రాశారు. కానీ శాంటియాగో దగ్గర రీలు లేదనీ, దారం అతని అరచేతుల్లోంచీ వీపు మీద నుంచీ పోతుందనీ, అందుకే ఆ చేతులు తెగుతాయనీ ఎంతమంది పట్టించుకున్నాం? రీలు ఉంటే ఆ నవలే లేదు.

రీలు దగ్గరికొచ్చాం కాబట్టి ఒక చిన్న చరిత్ర. స్పిన్నింగ్ అన్న పేరు వినగానే రీలు తిరుగుతుందేమో అనుకుంటాం. ఆ పేరు నీళ్ళలో తిరిగే ఎర వల్ల వచ్చింది. ఇవాళ మనం స్పిన్నింగ్ రీలు అని కొనేదాంట్లో, విసిరేటప్పుడు దారం చుట్టిన కండె అసలు తిరగదు. పాత రీళ్ళలో ఎర దారాన్ని లాగుతుంటే చుట్ట గిరగిరా తిరగాలి. తేలికైన ఎరకు అంత బలం ఉండదు, తిరగడం మొదలెట్టిన చుట్ట ఆగదు, దారం చిక్కుపడుతుంది. 1905లో ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న రీలులో చుట్టను కదలకుండా బిగించి, దారం దాని కొస మీదుగా జారిపోయేలా చేశాడు. ఆయన ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ బట్టల మిల్లు యజమాని. మిల్లులో కండె మీద నుంచి నూలు అలా జారడం రోజూ చూసేవాడు.

ఇది చదివినప్పుడు నేను లేచి కూర్చున్నాను. ఉమ్మడి నల్లగొండలో పోచంపల్లి ఉంది, ఉమ్మడి పాలమూరులో నారాయణపేట, గద్వాల ఉన్నాయి. మగ్గం మీద నాడె ఇటు నుంచి అటు పరిగెడుతుంటే దాని కడుపులో కండె కదలకుండా ఉంటుంది, నూలు కొస మీదుగా ఊడి వస్తుంది. స్పిన్నింగ్ రీలు సూత్రం అదే. ఏ మెకానిక్స్ పుస్తకమూ చదవని నేతగాడికి ఈ రీలును ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. తెలుగులో సాంకేతిక విషయాలు రాయలేం, మాటలు లేవు అని మా ఆఫీసుల్లో రోజూ వింటాను. మాటలున్నాయి. వాటిని వాడే చేతుల దగ్గరికి మనం వెళ్ళలేదు. డ్రాగ్ అనే ఇంకో మాట తీసుకోండి. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కండెను కొంచెం కొంచెంగా జారనిచ్చే బిగింపు అది. దారం బలంలో నాలుగోవంతు నుంచి మూడోవంతు లాగుడుకు జారేలా పెట్టుకోమంటారు. సంక్రాంతికి పతంగి ఎగరేసిన ప్రతి హైదరాబాదీకీ ఆ సంగతి తెలుసు. దాన్ని ఢీల్ అంటాడు.

మాటలు ఉన్నాయి, చేతులు ఉన్నాయి, పుస్తకం ఎందుకు లేదు? దీనికి జవాబు మన పాత గ్రంథాల్లో ఉందని నా అనుమానం.

కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1126 నుంచి 1138 దాకా ఏలాడు. ఆయన పేరుతో ఉన్న మానసోల్లాసం సంస్కృతంలో ఒక పెద్ద విజ్ఞాన గ్రంథం. అందులో రాజు వినోదాల భాగంలో మత్స్యవినోదం ఒకటి. ఏ చేపలు ఎలాంటివి, దేనికి ఏ మేత ఇష్టం, గాలపు కర్ర, దారం, ముల్లు ఎలా ఉండాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. అంటే చేప నుంచి మొదలై సరంజామా దాకా వచ్చే ఆ వరస మనకు వాల్టన్ కంటే ఐదువందల ఏళ్ళ ముందే ఉంది. పైగా అది దూరపు సంగతి కూడా కాదు. ఆ చాళుక్యుల సామంతులే కందూరు చోళులు. పానగల్లులో ఛాయాసోమేశ్వరాలయం, దాని పక్కన ఉదయసముద్రం వాళ్ళ కాలానివే. నల్లగొండ బస్టాండు నుంచి ఆటోలో పోయి చూసే చెరువు అది.

రెండో గ్రంథం శాకుంతలం. ఆరో అంకం మొదట్లో ఉంగరం దొరికిన బెస్తవాణ్ణి రక్షకభటులు పట్టుకొస్తారు. వలలూ గాలాలతో కుటుంబాన్ని పోషించుకుంటానని అతను చెప్తాడు. వాళ్ళు ఆ వృత్తిని వెక్కిరిస్తారు. పుట్టిన వృత్తిని వదలరాదని అతను బదులిస్తాడు. రోహిత మత్స్యం, అంటే మనం రవ్వ అనే చేప, కోస్తే అందులో ఉంగరం ఉంది. నాటకమంతా ఆ ఒక్క చేప మీద ఆధారపడింది, దుష్యంతుడి మతిమరుపు దానివల్లే తొలగింది. కానీ దాన్ని పట్టిన మనిషి తన పనిముట్ల పేర్లు చెప్పాల్సి వచ్చింది పోలీసుల ముందు, వాంగ్మూలంగా.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. గాలం రాజు చేతిలో ఉంటే శాస్త్రం, అధ్యాయం, వినోదం. బెస్తవాడి చేతిలో ఉంటే ఒక అనుమానితుడి సంజాయిషీ. గాలం గురించి రాయగల తీరిక ఉన్నవాడికి దానితో బతకాల్సిన పనిలేదు. దానితో బతికేవాడికి రాసే అవకాశం రాలేదు. ఇంగ్లీషు ప్రక్రియ కూడా ఈ మచ్చ నుంచి బయట ఏం లేదు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో ఒకటి, 1887లో మన చెరువుల్లో గాలంవేట మీద ఇంకొకటి పుస్తకాలు రాశాడు. గాలంవేట సాహిత్యంలో వాటికి మంచి పేరుంది. పరిశీలన ఉంది, హాస్యం ఉంది. మన మహసీర్‌ను సామన్ పక్కన నిలబెట్టి తూచాడు. ఆ తూకమే ఆ పుస్తకాల బలం, బలహీనత. సామన్‌కు దూరమైన అధికారికి ఓదార్పుగా రాసిన పుస్తకాలు అవి. చెరువు కింద బతికే మనిషికి వాటిలో పాఠకుడిగా చోటు లేదు.

ఇప్పుడు మన పైక్ సంగతి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, మా వైపు కొర్రమట్ట. చుట్టరికం లేకపోయినా స్వభావంలో పైక్‌కు తమ్ముడు. గుర్రపుడెక్క, తామర కింద కాపేస్తుంది. కప్పనో చిన్నచేపనో ఒక్క పెట్టున మింగుతుంది. గాలి పీల్చడానికి పైకి రావాల్సిన చేప కాబట్టి ఎక్కడుందో నీళ్ళు చూసి చెప్పొచ్చు. గొలుసు దీనికీ వర్తిస్తుంది. కలుపులో తగులుకోకుండా ముళ్ళు పైకి, వీపుకు ఆనుకుని ఉండే రబ్బరు కప్ప ఎర. కలుపులోంచి చేపను ఈడ్చడానికి అల్లిన దారం, ముప్ఫై నలభై పౌన్లది. అది లాగడానికి పొట్టిగా బిరుసుగా ఉండే కర్ర. ట్రౌట్ కర్ర ఇక్కడ పనికిరాదు. అంతకంటే ముఖ్యం, మన చెరువుల్లో ప్రభుత్వం వదిలే పిల్లల్లో ఎక్కువ భాగం రవ్వ, బొచ్చె, మృగాల. అవి వేటాడే చేపలు కావు, మెరిసే రేకును చూసి మామూలుగా రావు. కాబట్టి పైక్, సామన్, ట్రౌట్ వ్యాసాన్ని మక్కీకి మక్కీ తెలుగు చేస్తే అది నమ్మి కొన్నవాడు సాయంత్రందాకా రేకు విసిరి ఖాళీ చేతుల్తో ఇంటికొస్తాడు. ప్రక్రియను తెచ్చుకోవాలి, పట్టికను కాదు.

పోయిన ఏడాది వానలప్పుడు డిండి వెళ్ళాను. నిజాం కాలం నాటి జలాశయం, నల్లగొండ, పాలమూరు కలిసే చోట. ఒడ్డున ఒక పెద్దాయన వెదురు కర్ర, తంగూసుతో కూర్చుని ఉన్నాడు. నా చేతిలోని రీలును తిప్పి తిప్పి చూశాడు.

"ఎంతైంది బిడ్డా ఇది?"

"ఆరువేలు తాతా."

"మంచిగనే ఉన్నది. సంఘపోల్లను అడిగినవా?"

చెరువుల మీద చేపల హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘానిది, ముదిరాజులో గంగపుత్రులో సభ్యులు. అడిగానని చెప్పాను. అప్పుడు గానీ మాటల్లోకి దిగలేదు. దిగాక ఆయన చెప్పిన వరస నేను పుస్తకాల్లో చదివిన వరసే. ముందు నీళ్ళు. ఏ గాలికి ఏ ఒడ్డు. తర్వాత చేప. తర్వాత ఎర. ఎర్రలైతే దేనికి, కప్ప అయితే దేనికి. (మా వైపు వానపామును ఎర్ర అంటారు.) కర్ర గురించి చివర్లో రెండు ముక్కలు. మధ్యలో నీళ్ళ మీద ఎర్రటి పిల్లల గుంపు ఒకటి బుడబుడలాడుతూ కనిపించింది. కొర్రమట్ట పిల్లలు. తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి, ఎర ఏది పడినా మీదికొస్తాయి. స్పిన్నింగ్‌కు అంతకంటే తేలికైన అవకాశం ఉండదు.

"ఆడ ఎయ్యకు. తల్లి పోతే పిల్లలను అన్నీ తింటయి. పైసలైతే ఇయ్యాల వస్తయి, వచ్చే ఏడు చెర్ల ఏముంటది?"

ఈ మాటలో నేను చదివిన పుస్తకాలన్నింటికీ ఒక కొలత దొరికింది. సరంజామా ఎంచుకోవడం అంటే ఎప్పుడు వాడకూడదో కూడా ఎంచుకోవడం. ఎవర్ని అడగాలో ముందు తెలుసుకోవడం. అక్సాకవ్‌లో ఉన్న శ్రద్ధ ఇదే జాతిది. ఇవాళ దుకాణాల కోసం రాసే వ్యాసాల్లో పోయింది కూడా ఇదే. వాటిలో చేప పేరు పైన ఉంటుంది, లోపల మాత్రం కంపెనీ పేర్లు, బేరింగుల సంఖ్య, ధరలు. నది ఉండదు. ఒక్క కర్రతో మూడు చేపలూ పట్టొచ్చని చెప్పే వ్యాసం నాకు ఎదురైతే, ఆ రాసినాయన ఏ నీళ్ళ ఒడ్డునా ఎక్కువసేపు కూర్చోలేదని అర్థం చేసుకుంటాను. మా రంగంలో కూడా ఏ పని కోసమో అడక్కుండా ఏ లాప్‌టాప్ మంచిదో చెప్పే సమీక్షలు ఇలాగే ఉంటాయి.

అలాగని పెద్దాయన నోటిమాట ఉంది కదా, పుస్తకం ఎందుకు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. మౌఖిక జ్ఞానం గొప్పదని పొగిడి అక్కడే వదిలేయడం మనకు అలవాటు. ఆ పొగడ్త ఖర్చులేనిది. నేను తిరిగిన చెరువుల మీద గాలం వేసేవాళ్ళలో యాభై దాటినవాళ్ళే ఎక్కువ. కృష్ణ వెనక జలాల్లో, సోమశిల వైపు, చిన్నపిల్లల్ని కూడా ఊడ్చేసే అలివి వలల మీద స్థానికులు ఏళ్ళుగా గొడవపడుతున్నారు. గాలంతో ఒక్కో చేపను ఎంచి పట్టే మనిషికీ, చెరువును మొత్తంగా ఊడ్చే వలకీ మధ్య తేడాను చెప్పగల వచనం మనకు కావాలి. అది లేకపోతే ఆ గొడవ పేపర్లో జిల్లా వార్తగానే మిగిలిపోతుంది, అందులో ఏం పోతోందో చదివేవాళ్ళకు తెలీదు.

ఆ పుస్తకం ఎవరు రాయాలి? ముదిరాజ్, గంగపుత్ర ఇళ్ళలో నాలాగే ఇంజనీరింగ్ చదివి వచ్చిన పిల్లలు ఇప్పుడు హైదరాబాద్ ఆఫీసుల్లో వందల్లో ఉన్నారు. తండ్రి వల అల్లడం చూసినవాళ్ళు, స్పెసిఫికేషన్ రాయడం వచ్చినవాళ్ళు. ఈ ప్రక్రియకు కావల్సిన రెండు అర్హతలూ ఒకే మనిషిలో ఉండటం మన భాషలో బహుశా ఇదే మొదటిసారి. వాళ్ళలో ఎవరైనా రాస్తే అందులో కవిత్వం ఉండాలని నేను అడగను. బెండు ఏ చెట్టుది, తంగూసు రాకముందు దారం దేంతో పేనేవాళ్ళు, వాలుగకు ముల్లు ఎంత, జెల్లకు ఎంత, డిండిలో ఏ నెలలో ఏ ఒడ్డు, పిల్లల గుంపు కనిపిస్తే ఎన్నాళ్ళు ఆగాలి. ఇవి వరసగా, తప్పుల్లేకుండా, వాళ్ళ ఇంటి మాటల్లో ఉంటే చాలు. దాన్ని వ్యవసాయ పుస్తకాల అరలో పెడతారో, సాహిత్యం అరలో పెడతారో తర్వాత చూసుకోవచ్చు. సమీక్ష రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.